సముద్రంలో గాలిమరలు వస్తే కలాసీ పేరు ఏ జాబితాలో ఉంటుంది?

వేళచ్చేరి వాసి

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం తెల్లవారుజామునే వంజరం కోసం చెన్నైలో కాశిమేడు హార్బర్‌కు వెళ్ళాను. అక్కడ శ్రీకాకుళం నుంచి వచ్చి బోటు మీద పనిచేసే కలాసీ ఒకాయన నాకు చాలా ఏళ్ళుగా పరిచయం. చేప తూకం వేయిస్తూ అడిగాడు: "బాబూ, మీరు చదువుకున్నోళ్ళు కదా, దక్షిణాన సముద్రంలో కరెంటు ఫ్యాన్లు పాతుతారంట, పాతాక ఆ మధ్యలోకి మమ్మల్ని వేటకు రానిస్తారా, తరిమేస్తారా?" నా దగ్గర జవాబు లేదు. రోజూ ఆఫీసుకు పోతూ పళ్ళికరణైలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ విండ్ ఎనర్జీ బోర్డు చూస్తాను, లోపల ఏం పని జరుగుతుందో ఒక్కరోజు కూడా పట్టించుకోలేదు. ఆ రోజు సిగ్గేసింది.

వారమంతా కూర్చుని చదివాను. తెలిసింది ఇది. సముద్రంలో గాలి కరెంటు కోసం కేంద్రం 2015లోనే పాలసీ తెచ్చింది. 2022కల్లా 5,000 మెగావాట్లు, 2030కల్లా 30,000 అని 2018లో లక్ష్యం పెట్టుకుంది. 2022 దాటిపోయింది, మన సముద్రంలో ఒక్క ఫ్యానూ తిరగడం లేదు. 2023 డిసెంబరులో సముద్రగర్భాన్ని లీజుకిచ్చే రూల్స్ వచ్చాయి, 2024 ఫిబ్రవరిలో తమిళనాడు తీరానికి 4,000 మెగావాట్ల టెండరు పిలిచారు, అదే ఏడాది జూన్‌లో కేబినెట్ 7,453 కోట్ల సాయం ఒప్పుకుంది. గుజరాత్‌కు 500, తమిళనాడుకు 500 మెగావాట్లు, అందులోనే 600 కోట్లు రెండు పోర్టులను బాగుచేయడానికి. తీరా 2025 ఆగస్టులో ఆ 4,000 టెండరునూ, గుజరాత్ 500 టెండరునూ రద్దు చేశారు.

నేను గాలి కరెంటు రావాలనే కోరుకుంటాను, ముందే చెబుతున్నాను. కానీ ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఎక్కడా దొరకలేదు. ఎంత లోతు, ఎంత గాలి, ఎంత సబ్సిడీ, అన్నీ ఉన్నాయి. ఆ నీళ్ళలో ఇప్పుడు వేట చేసుకుంటున్నది ఎవరు, వాళ్ళ పేర్లు ఏ కాగితంలో ఉన్నాయి అన్నది లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గాలిమర

పదకొండేళ్ళుగా కన్యాకుమారి దగ్గర ముప్పందల్ వైపు నేల మీది టర్బైన్ల మెయింటెనెన్స్‌లో ఉన్నాను, సెలవులకు చెన్నై వస్తాను. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

తమిళనాడులో నేల మీద పది వేల మెగావాట్లకు పైగా ఉన్నాయి. మంచి గాలి పడే చోట్లన్నీ ఎప్పుడో నిండిపోయాయి, చాలాచోట్ల పాతవి పీకి పెద్దవి పెట్టుకోవడమే మిగిలింది. సముద్రం మీద గాలి ఇంకా బలంగా, ఇంకా నిలకడగా ఉంటుంది. గుజరాత్, తమిళనాడు కలిపి 70,000 మెగావాట్ల దాకా వీలుందని అంచనా, అందులో దాదాపు సగం మనవైపే, కన్యాకుమారి నుంచి రామేశ్వరం దాకా. మే నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా ఆ గాలి ఎలా ఉంటుందో టవర్ ఎక్కి పనిచేసిన నాకు తెలుసు.

ఇప్పుడొచ్చే సముద్రపు టర్బైన్లలో 15 మెగావాట్లవి ఉన్నాయి, రెక్కలు తిరిగే చక్రం అడ్డంగా 236 మీటర్లు. అందుకే ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కిలోమీటరుకు పైనే వదలాలి. అంత ఖాళీలో చిన్న పడవలు తిరగడానికి చోటు ఉంటుంది. బ్రిటన్‌లో కట్టడం అయిపోయాక లోపల వేటను ఆపరు. బెల్జియంలో మాత్రం రానివ్వరు. అంటే ఇది టెక్నాలజీ చేతిలో ఉన్న విషయం కాదు, ఏ ప్రభుత్వం ఏం రాసుకుంటే అది. ఇంకోటి, నీటిలో ఉన్న స్తంభాల చుట్టూ ఆల్చిప్పలూ నాచూ పట్టి చేపలు చేరతాయి, ఇది చాలా చోట్ల చూశారు. దానివల్ల మొత్తం చేప పెరుగుతుందా, చుట్టుపక్కల ఉన్నదే వచ్చి అక్కడ గుమిగూడుతుందా అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు.

కాశిమేడు కలాసీ

వేళచ్చేరి బాబు చెప్పింది నా గురించే. నేను చెబుతుంటే మా మేనల్లుడు టైపు చేస్తున్నాడు, తప్పులుంటే వాడివి.

గాలిమర అన్నా, కిలోమీటరు ఖాళీ ఉంటుందన్నారు. మీరు నేల మీద నిలబడి లెక్కేస్తున్నారు. మేం వల వదిలామంటే అది రెండు మూడు కిలోమీటర్ల పొడవు ఉంటుంది. వదిలాక అది ఒక్కచోట ఉండదు, నీటి వాటాన్ని బట్టి పోతుంది, దాని వెనకే మేమూ పోతాం, రాత్రంతా అలాగే. పొద్దున లాగేసరికి ఎక్కడో తేలతాం. మధ్యలో ఒక స్తంభం ఉంటే వల దానికి చుట్టుకుంటుంది, వల పోతే ఆ సీజన్ అప్పంతా నెత్తిన పడినట్టే. మీరు చెప్పిన దేశంలో ఏ వలతో వేట చేస్తారో నాకు తెలీదు. పీతల బుట్టలు దించుకునేవాళ్ళకు ఆ ఖాళీ సరిపోతుందేమో, కొట్టుకుపోయే వలకు చాలదు.

ఇంకోటి ఇంజను. నడిసముద్రంలో ఇంజను ఆగిపోవడం మాకు మామూలే. అప్పుడు గాలి ఎటు కొడితే అటే పోతాం. మీరు ఫ్యాన్లు పెట్టేది గాలి ఎక్కువ ఉన్న చోటే కదా. 2017లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కన్యాకుమారి వాళ్ళు ఎంతమంది తిరిగి రాలేదో అడగండి. అలాంటి రాత్రి ఆ స్తంభాల మధ్య ఉంటే ఏంటన్నది నాకు టెన్షన్.

గాలిమర

నిజమే బాబాయ్, కొట్టుకుపోయే వల సంగతి నేను ఆలోచించలేదు. బ్రిటన్‌లో ఎక్కువగా పీతలకూ పెద్ద రొయ్యలకూ బుట్టలు దించేవాళ్ళే లోపల పనిచేసుకుంటారు. వలలవాళ్ళు చట్టం ఆపకపోయినా భయపడి దూరంగానే ఉంటున్నారు. పైగా పెద్ద టర్బైన్ల దగ్గర పడవల రాడార్‌లో లేని బొమ్మలు కనిపిస్తాయి, అదీ ఉన్న సమస్యే.

ఆవడి

నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. ఇది నూట నలభై కోట్ల మందికి కరెంటు విషయం. పోర్టు వద్దు, ఆయిల్ బ్లాక్ వద్దు, ఇసుక ఖనిజం వద్దు, ఇప్పుడు ఫ్యాన్లు కూడా వద్దు అంటే ఎలా? బొగ్గు కాల్చొద్దని వాళ్ళే అంటారు, తుపాన్లు పెరిగాయని వాళ్ళే అంటారు. గాలి ఎవరి సొత్తూ కాదు, సముద్రం కూడా అంతే. నష్టం ఎంతో లెక్కగట్టి డబ్బు ఇచ్చేస్తే సరిపోతుంది. రోడ్డు వేసినప్పుడు మా తాతగారి పొలం పోయింది, పరిహారం తీసుకున్నాం, ఏడ్చాం, బతికాం.

ఎన్నూరు ఆడపడుచు

ఆవడి గారూ, వద్దు అన్నది ఎవరు? ఇక్కడ రాసినవాళ్ళలో ఒక్కరైనా అన్నారా?

మాది ఎన్నూరు, మూడు తరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బొగ్గు కరెంటు అంటే ఏంటో మా అంత దగ్గరగా చూసినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. కొసస్థలై నది సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర మా నాన్న రొయ్య చేత్తో పట్టేవాడు, నడుముకు బుట్ట కట్టుకుని నీళ్ళలో కూర్చుని తడుముతూ పట్టడం. ఇప్పుడు ఆ అడుగున బూడిద. థర్మల్ స్టేషన్ల బూడిద నీళ్ళు పైపులు కారి ఎన్నేళ్ళు ఆ క్రీక్‌లోకి వచ్చాయో అందరికీ తెలిసిందే. 2017 జనవరిలో ఓడలు గుద్దుకుని ఆయిల్ వచ్చింది, బకెట్లతో తోడారు. 2023 డిసెంబరు తుపాను వరదలో మళ్ళీ ఆయిల్, ఈసారి ఇళ్ళ గోడల మీదికి. మా తమ్ముడి వలలు నల్లగా అయిపోతే పారేశాడు.

కాబట్టి గాలి కరెంటు వస్తే మొదట సంతోషించేది నేను. బొగ్గు తగ్గితే మా క్రీక్ ఊపిరి పీలుస్తుంది. కానీ బొగ్గు వచ్చినప్పుడు కూడా మమ్మల్ని ఎవరూ అడగలేదు, దేశానికి కరెంటు కావాలనే అన్నారు. మా నాన్న పట్టిన నీళ్ళకు కాగితం లేదు కాబట్టి పోయినదానికి లెక్క కూడా లేదు. మీ తాతగారి పొలానికి పట్టా ఉంది, అందుకే పరిహారం వచ్చింది. తేడా అక్కడే ఉంది.

మైలాపూర్ వకీలు

ఆడపడుచు గారు చెప్పిన తేడా చట్టంలో కూడా ఉంది, వివరంగా రాస్తాను.

2013 భూసేకరణ చట్టంలో నష్టపోయిన కుటుంబం అంటే ఎవరో చెప్పేచోట నీటి వనరుల మీద బతికే మత్స్యకారులనూ పడవవాళ్ళనూ చేర్చారు. మంచి మాటే. అయితే అది భూమి తీసుకుంటేనే పనిచేస్తుంది. సముద్రగర్భాన్ని లీజుకివ్వడం భూసేకరణ కిందికి రాదు. అడవి మీద బతికేవాళ్ళకు 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, గ్రామసభ ఒప్పుకోవాలి, తరాలుగా వాడుకున్న చోటు మీద హక్కు రాసివ్వాలి. సముద్రం మీద బతికేవాళ్ళకు అలాంటి చట్టం ఇప్పటికీ లేదు. చేపల రేవుకు దారి ఎటు, వలలు ఎక్కడ ఆరబెడతారు అన్నది తీరం మీదైనా అడిగే వీలుంది, నీళ్ళలో ఈ దిక్కు నుంచి ఆ దిక్కు దాకా మా ఊరు వేట చేస్తుంది అని చెప్పుకోవడానికి రిజిస్టరు లేదు.

రాజకీయం అంతా ఇంకోచోట ఉంది. రాజ్యాంగంలో చేపల వేట రాష్ట్ర జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాలు దాటాక, అంటే 12 నాటికల్ మైళ్ళు, దాదాపు 22 కిలోమీటర్లు దాటాక, కేంద్ర జాబితాలో 57వ అంశం. పడవ రిజిస్టరు చేసేది రాష్ట్రం, నిషేధ కాలపు సాయం ఇచ్చేది రాష్ట్రం, ఓటు అడిగేదీ ఇక్కడి నాయకులే. సముద్రగర్భం లీజు ఇచ్చేది మాత్రం ఢిల్లీ, అది కూడా మత్స్యశాఖ కాదు, పునరుత్పాదక ఇంధన శాఖ. మత్స్యకారుడు ఎవరి గడప తొక్కాలి? రాష్ట్రాన్ని అడిగితే అది కేంద్రం పని అంటారు, కేంద్రాన్ని అడిగితే రాష్ట్రం ద్వారా రండి అంటారు. ఈ రెంటి మధ్య పడినవాడికి కోర్టు ఒక్కటే మిగులుతుంది, కోర్టుకు వస్తే నేను మొదట అడిగేది కాగితమే. ఆ మాట అనడం నాకు బాధగానే ఉంటుంది.

లెక్కల మాస్టారు

అందరూ చాలా ముందుకు పోతున్నారు. టెండరు రద్దయింది. సముద్రంలో కట్టడానికి నేల మీద కంటే రెండు మూడు రెట్లు ఖర్చు, ఆ పునాదులు దించే ప్రత్యేకమైన ఓడలు మన దగ్గర లేవు, సోలార్ కరెంటు ఇంత చౌకగా దొరుకుతుంటే కరెంటు పంచే డిస్కమ్‌లు ఇది ఎందుకు కొంటాయి? ఇప్పట్లో వచ్చేది కాదు. రానిదాని గురించి మత్స్యకారులను భయపెట్టడం ఎందుకు?

వేళచ్చేరి వాసి

మాస్టారూ, లెక్క మీరు చెప్పినట్టే ఉండొచ్చు. అందుకే ఇప్పుడు మాట్లాడాలంటున్నాను. టెండరు నడుస్తున్నప్పుడు ఎవరైనా నోరు విప్పితే ప్రాజెక్టుకు అడ్డుపడుతున్నారంటారు. ఇప్పుడు ఏ కంపెనీ డబ్బూ ఇరుక్కోలేదు, ఏ మంత్రి పరువూ అడ్డం లేదు. పాలసీ రద్దు కాలేదు, రూల్స్ రద్దు కాలేదు, 7,453 కోట్ల పథకం ఉంది. సోలార్ రాత్రి రాదు కాబట్టి ఇది మళ్ళీ వస్తుంది. వచ్చేలోపు రెండు మూడేళ్ళు చేతిలో ఉన్నాయనుకుంటే, ఆ టైములో ఏ ఊరి వేట ఏ నీళ్ళలో, ఏ నెలల్లో, ఏ వలతో, బోటు మీద ఎవరెవరు అన్నది రాసిపెట్టడం పెద్ద ఖర్చు కాదు. నార్వేతో కలిసి పుదుచ్చేరిలో, లక్షద్వీప్‌లో సముద్రాన్ని ఎవరు ఎక్కడ వాడుకోవాలన్న ప్లానింగ్ మొదలుపెట్టారు కదా, అదే పని మన్నార్ సింధుశాఖకు ఎందుకు చేయకూడదు?

ఆవడి

ఆడపడుచు గారూ, పట్టా మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఒప్పుకుంటున్నాను. అయినా ఒక ఉపాయం అడుగుతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఎలాగూ వేట నిషేధం. కట్టే పనులన్నీ ఆ రెండు నెలల్లో చేసుకుంటే ఎవరికీ నష్టం ఉండదు కదా?

కాశిమేడు కలాసీ

బాబూ, ఆ 61 రోజులు వేట ఆపేది మాకు విశ్రాంతి కోసం కాదు, చేప గుడ్లు పెట్టే కాలమని. మేం కడుపు మాడ్చుకుని ఒడ్డున కూర్చునేది అందుకే. సరిగ్గా అప్పుడే అడుగున ఇనుప స్తంభాలు సుత్తితో దిగగొడితే మేం ఆపి ఏం లాభం?

గాలిమర

బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం. స్తంభం దిగగొట్టే చప్పుడు నీటిలో చాలా దూరం పోతుంది. జర్మనీలో దానికి పరిమితి పెట్టారు, చుట్టూ గాలి బుడగల తెర వేసి చప్పుడు తగ్గిస్తారు. మన దగ్గర మన్నార్ సింధుశాఖలో 21 దీవుల జాతీయ పార్కు ఉంది, 1986 నుంచి. పక్కన పాక్ అఖాతంలో సముద్రపు ఆవుల కోసం రక్షిత ప్రాంతం ఉంది. అక్కడ ఈ జాగ్రత్తలు ముందే రూల్స్‌లో రాయాలి. పైగా జూన్‌లో ఆ వైపు గాలి మొదలైతే పెద్ద ఓడ కూడా కదలకుండా నిలబడటం కష్టం, రెండు నెలల్లో అయ్యే పని కాదు ఆవడి గారూ.

ఇంకోటి అడగాలి. రామేశ్వరం వైపు అడుగున వల ఈడ్చే ట్రాలర్లకూ నాటు పడవలకూ ఎప్పటినుంచో గొడవ, వారంలో మూడు రోజులు ట్రాలర్లు, మిగతా రోజులు నాటు పడవలు అని పంచుకున్నారు. ఫ్యాన్లు ఉన్న చోటికి ట్రాలర్లు రాలేవు, కేబుళ్ళు తెగుతాయి. అప్పుడు నాటు పడవలకు మేలే కదా?

కాశిమేడు కలాసీ

కొంత మేలే. అయితే అక్కడినుంచి తరిమిన ట్రాలర్ ఇంట్లో కూర్చోదు. పక్క ఊరి నీళ్ళలోకి పోతుంది, లేదంటే శ్రీలంక గీత దాటుతుంది, నేవీ పట్టుకుంటుంది. ఎటు తోస్తారన్నది కూడా చూడాలి.

భావనపాడు బిడ్డ

ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను, మా ఊరి మాట ఒకటి చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. నేను పోరూరులో సాఫ్ట్‌వేర్, మా నాన్న, ఇద్దరు బాబాయిలు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద కలాసీలు. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో సగం ఇళ్ళది ఇదే కథ. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకు పోయిన మనవాళ్ళను పాకిస్తాన్ పట్టుకుపోయి 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలింది, గుర్తుండే ఉంటుంది. మన ఫ్యాన్లలో మొదటి 500 మెగావాట్లు అనుకున్నది గుజరాత్‌లో పిపావావ్ తీరంలోనే. అంటే అక్కడ వేట తగ్గితే మొదట పోయేది మా బాబాయి వాటా. పరిహారం వచ్చిందనుకోండి, బోటు ఓనరుకు వస్తుంది. అక్కడి మత్స్యకారుల జాబితాలో మావాళ్ళు ఉండరు, ఎందుకంటే వాళ్ళు ఆంధ్రా. ఇక్కడి జాబితాలో ఉండరు, ఎందుకంటే వేట గుజరాత్‌లో.

జాబితా సరిగా ఉంటే డబ్బు అందుతుందనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. గోదావరి జిల్లాల తీరంలో ఓఎన్‌జీసీ పైపులైను పనులకు వేట ఆగిన కుటుంబాలకు నెలకు 11,500 చొప్పున పరిహారం లెక్కగట్టి 2022లో ఇరవై మూడు వేలకు పైగా కుటుంబాలకు వేశారు. ఊరి పేరు, ఇంటి పేరు ఉన్నాయి కాబట్టి వచ్చింది. డెన్మార్క్ చట్టంలోనే వేట పోయినవాళ్ళకు పరిహారం ఇవ్వాలని ఉంది, 1991లో ప్రపంచంలో మొదటి సముద్రపు గాలిమరల క్షేత్రం నిలబెట్టిన దేశం అది.

కాశిమేడు కలాసీ

ఈ బిడ్డ చెప్పింది నాకు కూడా. నిషేధం రెండు నెలలకు ఇక్కడ తమిళనాడులో కుటుంబానికి 8,000 ఇస్తారు, మన ఆంధ్రాలో 2025లో 20,000 చేశారు. నాకు రెండూ లేవు. ఇక్కడ అడిగితే నీ రేషన్ కార్డు ఎక్కడిది అన్నారు. ఊళ్ళో అడిగితే నువ్వు ఇక్కడ వేటకు పోవడం లేదు కదా అన్నారు. పంతొమ్మిదేళ్ళుగా సముద్రం మీద ఉన్నాను. డీజిలూ ఐసూ ఖర్చు తీశాక, ఓనరు భాగం తీశాక మిగిలినదాంట్లో మాకు వాటా. పడవలో చేప ఉంటే నాకు తిండి, లేకపోతే లేదు. నా కంటే మత్స్యకారుడు ఎవరు?

ఫ్యాన్లు పెట్టండి, నాకు కోపం లేదు. మా పిల్లలు చదువుకునేది ఆ కరెంటుతోనే. నా పేరు రాసుకుని పెట్టండి. అంతే అడుగుతున్నా.

లెక్కల మాస్టారు

పంతొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ లేడంటే, నేను ఇందాక అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫ్యాన్లు వచ్చినా రాకపోయినా ఈ లెక్క తేలాల్సిందే. రాయడానికి మనిషి కావాలంటే నేను వస్తాను, రిటైరయ్యాను, ఖాళీయే.

మైలాపూర్ వకీలు

మొదలుపెట్టడం కష్టం కాదు. కాశిమేడులో తెలుగు కలాసీలు ఎంతమంది, ఏ ఊరు, ఎన్నేళ్ళుగా, ఏ బోటు మీద, ఏ వల, ఎంత దూరం పోతారు అన్నది ఒక రిజిస్టరులో రాసి వేలిముద్ర తీసుకుందాం. చట్టంలో దానికి ఈ రోజు విలువ లేకపోయినా, రేపు టెండరుకు ముందు అభ్యంతరాలు పిలిచినప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. తమిళంలో, ఇంగ్లీషులో కాపీ నేను చేస్తాను. రెండు రాష్ట్రాల మత్స్యశాఖలకూ, ఢిల్లీకీ పంపుదాం. భావనపాడు తమ్ముడూ, ఇదే పద్ధతిలో వేరావల్‌లో మీ బాబాయిలతో మొదలుపెట్టించగలరా?

భావనపాడు బిడ్డ

ఇవాళ రాత్రే ఫోన్ చేస్తాను అక్కా. వాళ్ళు సముద్రం మీద ఉంటే నాలుగైదు రోజులు పడుతుంది.

ఎన్నూరు ఆడపడుచు

ఎన్నూరు నుంచి నేనూ వస్తాను. ఆడవాళ్ళ పేర్లు కూడా రాయాలి. చేప ఎండబెట్టేది, గంప మోసేది, ఊరు తిరిగి అమ్మేది మేమే, ఏ లెక్కలోనూ మమ్మల్ని మత్స్యకారులనరు.

వేళచ్చేరి వాసి

తప్పకుండా రాద్దాం. ఈ ఆదివారం ఉదయం హార్బర్ దగ్గర కలుద్దామా?

కాశిమేడు కలాసీ

ఆదివారం వద్దు బాబూ, ఆ రోజు జనం తొక్కిసలాటలో ఎవరూ నిలబడి మాట్లాడరు. మేం రేపు సాయంత్రం పోతున్నాం, గురువారానికి వస్తాం. శుక్రవారం వలలు కుట్టుకుంటూ అందరం ఒకచోటే ఉంటాం, మధ్యాహ్నం భోజనాలయ్యాక రండి. పెద్ద రిజిస్టరు తీసుకురండి, మా ఊరి వాళ్ళే చాలామంది ఉన్నారు.